గాల్వేలో ఐదు నక్షత్రాల ఆతిథ్యం

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను ఇల్లు చూశాను, శాండ్‌విచ్‌లు తిన్నాను, ఇల్లాలిని మాత్రం అన్నిటికంటే చివర చూశాను. దానివల్ల జరిగిన ఘోరం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, కానీ మా అమ్మ చెవిన మాత్రం వెయ్యకండి.

మూడేళ్ళ కిందటి మాట. డబ్లిన్‌లో ముగ్గురం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాదీ, కరీంనగర్ స్వప్నదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడో మనిషి తెనాలి సరళక్క, మాకంటే పదేళ్ళు పెద్ద. బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరింది. శని, ఆదివారాల్లో వీళ్ళకు ఊళ్ళు చూపించే బాధ్యత నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. అంతకుముందు సముద్రపు కొండలు చూపిస్తానని తీసుకెళ్ళి, పొగమంచులో రెండు గంటలపాటు తెల్లగోడ చూపించాను. అందుకే గాల్వే అనే ఊరికి బస్సెక్కే ముందే స్వప్న తేల్చి చెప్పింది.

“గీసారి గూడ ఆగమైతే నీ పెత్తనం బంద్. ఇగ నేనే తీస్కపోత.”

పదవి పోతుందంటే ఎవరికి భయముండదు చెప్పండి? ఈసారి ఎలాగైనా గెలవాలని ఒట్టు పెట్టుకున్నాను.

గాల్వేలో దిగేసరికి మధ్యాహ్నం రెండు. సన్నగా వాన. మేం బుక్ చేసుకున్నది బీ అండ్ బీ, అంటే ఇంట్లోనే ఒక గదీ పొద్దున టిఫినూ ఇచ్చే చోటు. అది ఆ వీధిలోనే ఎక్కడో ఉండాలి. చూద్దామంటే నా ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. వీళ్ళ ఫోన్లు అడిగితే నా పదవికే చిన్నతనం. ఇంతలో ఒక ఇంటి గోడ మీద వెలిసిపోయిన ‘బీ అండ్ బీ’ బోర్డు కనబడింది. తలుపు బార్లా తీసి ఉంది. లోపల నలభై మంది జనం.

“చూశారా, ఎంత గిరాకీయో!” అన్నాను గర్వంగా.

గుమ్మంలోనే నల్ల గౌను వేసుకున్న యాభై ఏళ్ళావిడ ఎదురొచ్చి నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పేరు నోరా అని చెప్పింది.

“ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?”

“డబ్లిన్ నుంచండీ.”

“ఈ వానలో అంత దూరం నుంచా! ఆసుపత్రి నుంచేనా?”

“అవునండీ, నేను నర్సునే,” అంది సరళక్క.

నోరా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరళక్కను గట్టిగా కావలించుకుంది.

“నర్సంటే ఈ దేశంలో ఎంత గౌరవమో చూడవే,” అని సరళక్క నా చెవిలో మురిసిపోయింది.

మా సూట్‌కేసులు మెట్ల కింద పెట్టారు. పెద్దవాళ్ళు లేచి మాకు కుర్చీలిచ్చారు. హామ్ శాండ్‌విచ్‌లు, గుడ్డు శాండ్‌విచ్‌లు, కిస్‌మిస్ కేకు వచ్చాయి. టీ కప్పు ఖాళీ అయితే చాలు, ఎవరో ఒకరు నింపేవారు. వద్దంటే వినరు. మా అమలాపురం పెళ్ళిళ్ళలో కూడా ఇంతగా బతిమాలరు.

“గింత పెడ్తున్నరేందే?” అంది స్వప్న నోటినిండా కేకుతో.

“నా సెలక్షన్ మరి!”

నిజానికి దేవుడు నాకు సూచనలు పంపుతూనే ఉన్నాడు. పట్టపగలు కిటికీ తెరలన్నీ మూసి ఉన్నాయి. అందరూ నలుపే వేసుకున్నారు. గోడగడియారం ఆగిపోయి ఉంది. నేను తెలివైనదాన్ని కదా, అన్నిటికీ జవాబు చెప్పేశాను. తెరలు చలికి, నలుపు ఫ్యాషనుకి, గడియారానికి బ్యాటరీ లేక.

వీటన్నిటికంటే నన్ను ఊరించింది ముందు గది దగ్గరున్న క్యూ. లోపలికి వెళ్ళినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వస్తున్నారు. నాకు పుట్టుకతో ఒక జబ్బుంది. ఎక్కడ జనం వరుసలో నిలబడినా, ఆ వరుస చివర ఏముందో చూడకపోతే తిన్నది అరగదు.

“మేం ఏ గదిలోకి వెళ్ళాలండీ?” అని నోరాను అడిగాను.

“ఆ ముందు గదేనమ్మా. తొందరేం లేదు. ఈలోగా ఈ పుస్తకంలో ఒక మాట రాస్తారా?”

బల్ల మీద పెద్ద పుస్తకం, పక్కన పెన్ను. అతిథులు అభిప్రాయాలు రాసే పుస్తకమే కదా అనుకున్నాను. నాకంటే ముందువాళ్ళు ఏం రాశారో చదివితే బాగుండేది. చదవలేదు. కుదురుగా నాలుగు వాక్యాలు రాసి, కింద ఐదు నక్షత్రాలు గీసి, ముగ్గురి పేర్లూ పెట్టి క్యూలో చేరాను.

మా వంతు వచ్చింది. గదిలో పూలు, కొవ్వొత్తులు. మధ్యలో తెల్లజుట్టు ముసలావిడ, చేతుల్లో జపమాల.

“మెల్లగ మాట్లాడుర్రి, పెద్దమ్మ పండుకున్నది,” అంది స్వప్న.

సరళక్క ఒక్క చూపు చూసింది. “పిచ్చిదానా, నేను నర్సుని. అది నిద్ర కాదే.”

అప్పుడు కనబడింది నాకు శవపేటిక.

తెరలు ముయ్యడం, గడియారం ఆపడం, వచ్చినవాళ్ళకు తిండి పెట్టడం ఇక్కడి చావింటి ఆచారమట. చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టని వంశం మాది. నేనేమో ఆరు శాండ్‌విచ్‌లు, రెండు ముక్కల కేకు తిన్నాను. స్వప్న “తలస్నానం జెయ్యాలె, తలస్నానం జెయ్యాలె” అని జపం మొదలెట్టింది. సరళక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, నా మోచెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, ఆ సంతాపాల పుస్తకంలో ఏం రాశావ్?”

“చెప్పలేనక్కా.”

పదవి సంగతి ఎప్పుడో మరిచిపోయాను. పేటికలో ఆవిడవి అచ్చం నోరా పోలికలే. తల్లిని పోగొట్టుకున్న మనిషి ఆ పేజీ చదివితే ఏమైపోతుంది! బయటికి పరుగెత్తేసరికి పుస్తకం నోరా చేతిలోనే ఉంది.

“అది చదవకండి, మీకు దణ్ణం పెడతాను! మేం డబ్లిన్ ఆసుపత్రిలో మీ అమ్మగారిని చూసుకున్న నర్సులం కాము. బోర్డు చూసి, గదులు అద్దెకిచ్చే ఇల్లనుకుని వచ్చేశాం.”

ఆవిడ అప్పటికే పైకి చదవడం మొదలెట్టింది.

“‘ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది. తిండి అద్భుతం. ఇంటావిడ మమ్మల్ని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. త్వరలో ఇంకో పదిమందిని తీసుకుని తప్పకుండా మళ్ళీ వస్తాం.’”

చావింటి నుంచి కదిలేటప్పుడు మనవాళ్ళు ‘వెళ్ళొస్తాం’ అని కూడా అనరు. నేను పదిమందితో వస్తానని రాసి, సంతకం కూడా పెట్టాను.

నోరా భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేనూ ఏడ్చేశాను. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది. నవ్వాపుకోలేక గోడకు చేరబడింది.

“ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో అతిథుల్ని చూసుకుంది మా అమ్మ. పని మానేశాక కూడా ఆ బోర్డు తియ్యనివ్వలేదు. పొద్దున ఏడింటికల్లా తలుపులు బాది అందర్నీ టిఫినుకి లేపేది. ఇబ్బంది పెట్టలేదని ఆవిడ గురించి రాసింది మీరొక్కరేనమ్మా!”

ఆ మాటతో ఇల్లంతా ఘొల్లుమంది. నిన్నటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ నవ్వలేదని చెప్పి, నోరా మాకు మళ్ళీ టీ పోసింది. నిండా మునిగినవాడికి చలేమిటని తాగేశాం.

మేం బుక్ చేసుకున్న చోటు అక్కడికి నాలుగు ఇళ్ళ అవతలే ఉంది. ముగ్గురం వరసగా తలస్నానాలు చేసి ఆ ఇంట్లో వేడినీళ్ళన్నీ ఖాళీ చేశాం. తిరుగు బస్సులో స్వప్న తీర్పు చెప్పింది.

“పెత్తనం నువ్వే ఉంచుకో తల్లీ. గిసొంటి ట్రిప్పు జెయ్యడం నాతోని గాదు.”

నెల తిరిగాక జరిగే ప్రార్థనకు నోరా పిలిచింది. “మాట ఇచ్చారు, పదిమందితో రండి,” అంది. ముగ్గురమే వెళ్ళాం. అందరికీ వాళ్ళమ్మ ఫొటో ఉన్న చిన్న కార్డులు పంచింది. వెనక్కి తిప్పితే, బైబిలు వాక్యం ఉండాల్సిన చోట నా వాక్యమే అచ్చయి ఉంది. ‘ఇంటావిడ మమ్మల్ని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.’ కింద ఐదు నక్షత్రాలు.

ఆ కార్డు ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింటికి వెళ్ళినా ముందు ఇంటావిడను చూస్తాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూశాకే శాండ్‌విచ్ ముట్టుకుంటాను.