జిమ్మీకి పట్టిన గ్లూకోజు నీళ్లు

బెజవాడ భవానీపురంలో ఇడ్లీ బండి పెట్టుకున్న శౌరమ్మతో వాదనకు దిగే మగాడు లేడు. రెండోసారి చట్నీ అడిగినవాడు ముందు ఒక తిట్టు తినాల్సిందే. 2003 మే నెలలో ఆమె కుక్క జిమ్మీ చిక్కి శల్యమై, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగసాగింది. వడదెబ్బేనని శౌరమ్మ తేల్చేసింది. వడదెబ్బకు మందేమిటో బెజవాడలో ఎవరికి తెలియదు? పూటపూటకూ నీళ్లలో గ్లూకోజు కలిపి పట్టింది. కుక్క ఇంకా తాగింది, ఇంకా చిక్కింది.

చివరికి పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించాడు.

"దీనికి షుగరమ్మా. బతికినన్నాళ్లూ రోజూ ఇంజెక్షన్ వెయ్యాలి."

"కుక్కకి షుగరేంటండీ? ఎకసెక్కాలా?" శౌరమ్మ గయ్యిమంది.

"తీపి ఏమన్నా పెడుతున్నారా?"

ఆమెకు నోరు పెగల్లేదు. ఆ నోరు అలా మూతపడగా ఆమె భర్త ఏసుపాదం పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు. గ్లూకోజు సంగతి డాక్టరుకు అతనే చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి శౌరమ్మ గిన్నెలో ఉత్త నీళ్లు పోసింది. జిమ్మీ గటగటా తాగేసింది. తర్వాత గ్లూకోజు డబ్బా ఉన్న గూటి కిందకు వెళ్లి కూర్చుని, ఆమె వంకే చూస్తూ తోక ఊపింది.