సోన్‌క్లిన్ కొరికిన జామముక్క

థాయిలాండ్‌లోని సామ్‌ఫ్రాన్ పొద్దుటి సంతలో జామకాయలమ్మే సోన్‌క్లిన్‌కి బేరమాడటం రాదు, కొరకటం వచ్చు. ముప్పై ఏళ్ళుగా ఆమె పద్ధతి ఒక్కటే. కొనేవాళ్ళ ఎదుట కాయను కరుక్కున కొరికి, "వినబడిందా? మా తోట కాయంటే అదీ!" అనేది. సగం సంత ఇటు తిరిగేది. కొరికేటప్పుడు లేని సిగ్గు నవ్వేటప్పుడు మాత్రం ముంచుకొచ్చేది. ముందుపళ్ళు రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి మరి. చిన్నప్పటినుంచీ నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం పోవాల్సిందే.

అలాంటి మనిషి యాభై ఒకటో ఏట వంకరపళ్ళు సరిచేసే తీగలు వేయించుకుంది. సంతంతా నోరెళ్ళబెట్టింది.

"చిన్నపిల్లలు వేయించుకునేవి ఈ వయసులో నీకెందుకే?" అన్నాడు మొగుడు చలావ్, కాయలు తూస్తూ.

"నవ్వటానికయ్యా! నువ్వు ఎలాగూ నవ్వించవు, నేనే నవ్వుకుంటా."

కాయను కోయకుండా అలాగే కొరికితే తీగలు ఊడతాయని పళ్ళ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని సోన్‌క్లిన్ ముక్కలు కోసి, ఉప్పూకారం అద్దుకుని కొరికి చూపించేది. మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెలలో ఒకరోజు, పాత గిరాకీ ప్రఫై టీచరుగారు కాయలు ఏరుతుంటే, ఓ ముక్క కొరికి ఊరిస్తూ ముందుకు చాపింది. తెల్లటి ముక్క అంచున ఎర్రటి మరక! టీచరుగారి మొహం పాలిపోయింది. ఏరిన కాయలు అక్కడే వదిలేసి, నోటి మీద చెయ్యేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. సోన్‌క్లిన్‌కి తల కొట్టేసినట్టయింది.

బుద్ధున్నవాళ్ళయితే ఏం చేస్తారు? నేరుగా డాక్టరు దగ్గరికి పోతారు. మన మనిషి ఆ రకం కాదే! బ్రష్ తగిలినచోటే రక్తం వస్తోంది గనక తప్పంతా బ్రష్‌దేనని తేల్చేసింది. చిగుళ్ళ జోలికి పోకుండా పైపైన తోమి ఊరుకుంది. తెల్లజామ మానేసి, లోపల ఎర్రగా ఉండే రకం తెచ్చి బల్ల మీద పేర్చింది. ఎర్రముక్క మీద ఎర్రమరక ఎవడికి కనపడుతుందని ఆమె ధీమా. తీరా ఆ కాయ మెత్తన. కరుక్కుమనదు. చప్పుడు లేని సోన్‌క్లిన్ దగ్గర ఆగేవాళ్ళెవరు? మధ్యాహ్నానికి సగం గంప మిగిలిపోయేది.

నెల తిరిగేసరికి డాక్టరమ్మ దగ్గర గుట్టు రట్టయింది.

"పిన్నీ, చిగుళ్ళు బూరెల్లా ఉబ్బాయి! తోమటం మానేశారా?"

"రక్తం వస్తోంది కదమ్మా. పుండు మీద ఎవరైనా రుద్దుతారా?"

"పుండు బ్రష్ చేసింది కాదు పిన్నీ. తిన్నది తీగ చుట్టూ ఇరుక్కుని, చిగుళ్ళ అంచున పాచి కడుతోంది. ఆ పాచికే చిగుళ్ళు వాచి రక్తం కారుతోంది. మీరు తోమకుండా వదిలేసిన చోటే ఎక్కువ వాచింది, అద్దంలో చూడండి."

పాచంతా గీకి తీసి, డాక్టరమ్మ మెత్తటి బ్రష్ ఒకటి, పుల్లంత సన్నటిది ఇంకొకటి చేతిలో పెట్టింది.

"మెత్తటిదాన్ని చిగుళ్ళవైపు ఏటవాలుగా పట్టుకుని తీగకి పైనా కిందా నెమ్మదిగా తోమండి. సన్నదాన్ని తీగ కిందికి దూర్చండి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించండి. మొదట్లో ఇంకా రక్తం వస్తుంది, భయపడి మానొద్దు. నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే మాత్రం తీగలు తీసేస్తా. చిగుళ్ళు చెడిపోయాక పళ్ళు తిన్నగా ఉండి ఏం లాభం?"

తీసేస్తాననేసరికి సోన్‌క్లిన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తీగల కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

ఇక చూడాలి ఆమె పట్టుదల! అన్నం తినగానే బల్ల వెనక నీళ్ళ బకెట్టు, చేతిలో బ్రష్.

"ఏమేవ్, ఇంకా వస్తోందా?" అని రోజూ అడిగేవాడు చలావ్. గిరాకీ పోయిన కోపం కాస్తా కంగారుగా మారింది పాపం.

మొదటి వారం నురగ గులాబీరంగు. రెండో వారం అప్పుడప్పుడూ ఓ చార. మూడో వారం మల్లెపువ్వే! నెలాఖరున డాక్టరమ్మ సన్నటి పనిముట్టుతో చిగుళ్ళన్నీ తడిమి చూసింది. చుక్క రక్తం రాలేదు. తీగలు నిలిచాయి.

మర్నాడు బల్ల నిండా తెల్లజామ. దూరంగా తప్పుకుపోతున్న ప్రఫై టీచరుగారిని సోన్‌క్లిన్ కేకేసి మరీ ఆపింది. ముక్క కోసి, కరుక్కున కొరికి, ఆవిడ ముక్కు ముందు పెట్టింది. "చూడండి టీచరమ్మా! పంటిగుర్తులు తప్ప ఇంకేమన్నా ఉన్నాయా?"

ఇంకో ముక్క కోసి ఆవిడకిచ్చింది. టీచరుగారు అటూ ఇటూ చూసింది. పక్కకు తిరిగి, పళ్ళ మీదనుంచి, తీగలకి బదులు పెట్టుకునే గాజులాంటి తొడుగొకటి తీసి చేతిరుమాల్లో పెట్టుకుంది. తర్వాత ముక్క కొరికింది.

తెల్లటి ముక్క అంచున ఎర్రటి మరక.

"ఆవేళ నిన్ను అసహ్యించుకుని పోలేదే సోన్‌క్లిన్," అంది టీచరుగారు తలొంచుకుని. "నా గుట్టే బయటపడినట్టు భయమేసింది. రక్తం వస్తోందని నేనూ ఆ వైపు తోమటం మానేశా."

"టీచరయ్యుండి మీరూనా!"

సోన్‌క్లిన్‌కి నవ్వు ఆగలేదు. పగలబడి నవ్వుతూనే జేబులోంచి సన్నబ్రష్ తీసి, ఇలాంటిది కొనుక్కోమని, ఇవాళే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని గదమాయించింది. ఒక చేతిలో బ్రష్, ఇంకో చేతిలో జామముక్క. నోటికి అడ్డం పెట్టుకోవటానికి చెయ్యి ఖాళీ లేదు, ఆ సంగతే ఆమెకు గుర్తు రాలేదు. చలావ్ తూకం మరిచిపోయి పెళ్ళాం మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు.