నాకు కోపం రాకూడదట

డెబ్బైలలో, రెండో కాన్పు తర్వాత నాకు మనసు బాగా చెదిరింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచి, నయమైందని చెప్పి డాక్టరే ఇంటికి పంపాడు. ఇంట్లోవాళ్లు మాత్రం నమ్మలేదు. నల్లా నీళ్లు రాలేదని విసుక్కున్నా మా ఆయన మెల్లగా, "గోలి ఏసుకున్నవా?" అని అడిగేవాడు. అంతవరకూ లేని కోపం ఆ మాటకు నిజంగానే వచ్చేది.

ఒకరోజు ఆడబిడ్డతో మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లాను. బండివాడు పైన మంచి వంకాయలు చూపించి, కింది నుంచి పుచ్చువి తీసి తూచాడు.

"ఇవేంది భాయ్, అన్నీ పుచ్చులే ఉన్నయి?" అన్నాను.

"ఇష్టముంటె తీస్కో, లేకుంటె పో. పొద్దుగాల్నే లొల్లి పెట్టకు."

నేనూ గొంతు పెంచాను. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నాతో మామూలుగా పోట్లాడుతున్నాడు. నాకు హాయిగానే ఉంది.

ఇంతలో ఆడబిడ్డ నా చేయి పట్టుకుని, "ఏమనుకోకు భాయ్, మా వదినెకు దిమాక్ మంచిగ లేదు. మొన్ననే దవాఖాన్ల నుంచి వచ్చింది" అంది.

అతని ముఖం మారిపోయింది. గబగబా మంచివి ఏరి, రెండు ఎక్కువే వేసి, "తీస్కో అమ్మా" అన్నాడు చంటిపిల్లతో మాట్లాడినట్లు.

"పుచ్చులున్నయా లేవా, అది చెప్పు" అన్నాను.

అతను ఆడబిడ్డ వైపు చూశాడు. సంచి అక్కడే వదిలేసి వచ్చేశాను.

సాయంత్రం ఆడబిడ్డ మా ఆయనతో, "వదినెను మార్కెట్‌కు పంపకు అన్నా, అందరితోని కొట్లాడుతున్నది" అంది. ఆయన తలూపాడు. నేను వాళ్ల పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ ఏడాదంతా కూరగాయలు ఆయనే తెచ్చాడు.