చెరువు గట్టు మీద అమెరికా గద్ద

ఆ రోజుల్లో (రాజుల కాలం అనుకునేరు, మొన్నమొన్నటి సంగతే) డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని నన్ను చూసి, అల్లవరం దగ్గర చేపల చెరువున్న మా బాబాయ్ గారు జాలిపడి ఓ కొలువిచ్చేరు. గట్టు మీద పాకలో కూర్చోవాలి, గద్ద చేప కోసం దిగబోతే టపాకాయ పేల్చాలి. (పెళ్లిచూపుల్లో 'పక్షుల విభాగం' అని చెప్పమని మా అమ్మ సలహా.) ఇలాంటి ఉద్యోగస్థుడు తీరిగ్గా ఫోన్లో సినిమాలు చూడాలి కదా? నేను గద్దల్నే చూసేవాణ్ణి. అమెరికాలో ఎక్కడో చెట్టు మీద గూడు, దానికో కెమెరా. మనకి తెల్లారేసరికి అక్కడ సాయంత్రం, అంతా లైవు. తెల్లతల తల్లి, దాని రెక్క కింద ఒక్కగానొక్క పిల్ల.

ఆ పొద్దున్న గూటి నిండా మంచు. చేప కోసం వెళ్లిన మగగద్ద ముందురోజు నుంచీ పత్తా లేదు. పిల్ల నోరు తెరుస్తోంది, తల్లి దిక్కులు చూస్తోంది, నాకు చేతిలో టీ చల్లారిపోతోంది.

"ఏరా, నీకు జీతం దేనికిస్తున్నాను?" వెనక బాబాయ్ గారు.

"గద్దల్ని చూడ్డానికేనండీ."

తిట్టబోయిన మనిషి ఫోన్లోకి తొంగిచూసి ఆగిపోయేరు. "తల నెరిసేక దీనికి పిల్లలేంట్రా?"

"వయసు కాదండీ, ఆ జాతి రంగే అంత."

"మొగుడేడీ?"

"చేప కోసం వెళ్లేడండీ. నిన్న."

"ఒక్క చేపకి రెండ్రోజులా! అదే మన చెరువుకొస్తే..." అని ఠక్కున నాలిక్కరుచుకున్నారు.

అంతలో గూటి మీద నీడ పడింది. "వచ్చేడండీ!" అని నేను, "వచ్చేడ్రా!" అని ఆయన, ఇద్దరం ఒకేసారి లేచిపోయేం. బాబాయ్ గారైతే తువ్వాలు గాల్లో తిప్పేస్తూ, "ముందు పిల్లకి పెట్టవే! నువ్వు తర్వాత తిందువుగాని!" అని అమెరికాకి వినబడేలా అరిచేరు. తల్లి వింది. పిల్ల మొదటి ముక్క మింగింది. మేం చెయ్యి చెయ్యి కలుపుకున్నాం, అదేదో మేమే పట్టుకొచ్చినట్టు.

వెనక చెరువులో నీళ్ల చప్పుడయ్యింది. మన గద్ద. మన చేప. నేను టపాకాయ అందుకుని అగ్గిపుల్ల గీసేను. బాబాయ్ గారు ఉఫ్ మని ఊదేసేరు.

"ఆగరా. దాని గూట్లో ఎవరున్నారో."

అది కొబ్బరిచెట్లు దాటేదాకా చూసి, "కాస్త పెద్ద చేపే పట్టుకెళ్లింది" అన్నారు, ఏడుపూ గర్వం కలిపి.

"ఆయ్" అన్నాను. అనడమే తప్పయింది. టపాకాయలే వద్దనుకున్నాక టపాకాయలవాడెందుకని ఆయనకి మర్నాటికల్లా తోచింది.

ఇప్పుడు అమలాపురంలో గుమాస్తాని. ఆఫీసు కిటికీలోంచి గద్ద కనబడితే చెయ్యి ఇంకా అగ్గిపెట్టె కోసం జేబులోకి పోతుంది. ఫోనుతో బయటికొస్తుంది.