కిలోకి ఎనిమిది గ్లాసులు

మా అత్తగారు తన నీడను కూడా తూకం వేశాకే నమ్ముతారు. కేకులు చేసి అమ్మే మనిషి. ఆవిడ లెక్కలో కిలో మైదా అంటే స్టీలు గ్లాసుతో ఎనిమిది. కొత్త కొట్టులో కొన్న మొదటి రోజే ఏడొచ్చాయి.

"చూశావా, తూకంలో నొక్కేశాడు," అంటూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. కొట్టతను మా ఎదుటే తూచాడు. సరిగ్గా కిలో ఉంది.

"నీ బుద్ధే నీ కాటాకీ అబ్బింది," అని అతన్ని కడిగేసి, పిండి తిరిగి తెచ్చుకున్నారు.

ఇంటికి రాగానే మళ్లీ కొలిచారు. గ్లాసును బల్లకేసి కొట్టి, పిండిని బొటనవేలితో అదిమి, పైన ఇంకాస్త పోశారు. ఈసారి ఆరున్నరే వచ్చాయి. అప్పుడు వెలిగింది నాకు. అనుమానం ముదిరేకొద్దీ ఆవిడ అదుముడు పెరుగుతోంది, గ్లాసులు తగ్గుతున్నాయి.

"అదమకండి అత్తయ్యా. బరువు అంతే ఉంది, మీరే కుక్కి పోస్తున్నారు," అని పిండి జల్లించి, చెంచాతో వదులుగా పోశాను. ఎనిమిది గ్లాసులూ నిండాయి.

అత్తగారు గ్లాసులకేసి చూశారు, ఆ తర్వాత నా చేతులకేసి.

"ఈ గ్లాసున్నర ఇందాక లేదే," అన్నారు నెమ్మదిగా. "ఇంతసేపూ ఎక్కడ దాచావు?"