తెగని నీటి పొర

ఈరోజు పొద్దున ఏర్పేడు దారిలోని మా షెడ్డులో పాత కారు ఇంజను మూత ఒకటి కడిగి, దాని మీద చెంబెడు నీళ్ళు పోశాను. నీళ్ళు ఒకే పొరగా జారుతూ వచ్చి, ఒక మూల దగ్గర తెగి, చుక్కలుగా ముడుచుకున్నాయి. అక్కడ ఇంకా జిడ్డు ఉందన్నమాట. చేతులనిండా థిన్నరు వాసన, నడుము నొప్పి, పైగా కారు యజమాని ఫోను మీద ఫోను. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదంటే, నాలుగేళ్ళ క్రితం పోయిన మునిరత్నమన్న మీద. ఆయన దగ్గర పని నేర్చుకోకపోతే ఈపాటికి రంగు కొట్టేసి టీ తాగుతూ ఉండేవాణ్ణి.

రేణిగుంట రోడ్డులో ఇంజను భాగాలకు రంగు వేసే చిన్న షాపు ఆయనది. నేను చెన్నైలో ఆరేళ్ళు కార్ల బాడీలకు రంగు కొట్టి, పెళ్ళయ్యాక తిరుపతి వచ్చి ఆయన దగ్గర చేరాను. స్ప్రే గన్ను పట్టడంలో నాకు నేనే సాటి అనుకునే రోజులు. ఆయన నా చేతికి ఇనుప బ్రష్షు ఇచ్చాడు. డీజిలుతో తోము, సబ్బునీళ్ళతో కడుగు, గరుకు కాగితంతో రుద్దు, థిన్నరుతో తుడువు. నేను అయిపోయింది అనేవాణ్ణి. ఆయన వచ్చి నీళ్ళు పోసి, తెగింది అనేవాడు. మళ్ళీ మొదటికి. ఎనిమిది నెలలు ఇదే వరస. గన్ను మాత్రం ఆయన చెయ్యి దాటేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "అన్నా, నేను రంగు కొట్టేవోణ్ణి. అంట్లు తోమేదానికి రాలేదు."

"రంగుదేముంది అప్పా, యాడైనా పడతాది," అన్నాడు తల ఎత్తకుండా. "నిలబడాల కదా. ఇంజను వేడెక్కితే యాడ జిడ్డు ఉండాదో ఆడ ఊడి వస్తాది."

"మరి గన్ను నాకెప్పుడిస్తావు?"

"తెగిందని నీ నోటితో నువ్వు సెప్పిన పొద్దు ఇస్తాలే."

ఇదేం మెలికరా దేవుడా అనుకున్నాను. అంతకంటే బుర్ర పెట్టలేదు.

ఆ తర్వాత పలమనేరు నుంచి ఒక పాల వ్యాపారి తన నాయన నడిపిన జీపును తెచ్చాడు. దాని ఇంజను మూత కడిగాను. మునిరత్నమన్న నీళ్ళు పోసి చూసి, సరే అన్నాడు. మూత ఆరాక, అప్పుడే కొండ దిగి వచ్చిన ఆ వ్యాపారి సగం లడ్డు మునిరత్నమన్న బల్ల మీద ఉంచి, మిగతా సగం నా చేతిలో పెట్టాడు. కొండ ప్రసాదం వద్దనే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. కళ్ళకద్దుకుని తిని, వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని, మూత ఎత్తి కొక్కేనికి తగిలించాను. తగిలించాక నెయ్యి గుర్తొచ్చింది. చెబితే మళ్ళీ సగం రోజు తోమాలి. నోరు మూసుకున్నాను. మునిరత్నమన్న దాని మీదే రంగు కొట్టేశాడు.

పది రోజులకు జీపు తిరిగొచ్చింది. మూత మీద ఒకచోట రంగు పొక్కి లేచిపోయింది, సరిగ్గా బొటనవేలంత. మునిరత్నమన్న దాన్ని చూశాడు, నా చేతిని చూశాడు.

"ఏందన్నా, నీ పని కూడా ఇట్లనేనా?" అన్నాడు వ్యాపారి.

"తప్పు నాదే అప్పా. రెండు దినాలు ఈడ పెట్టిపో."

వ్యాపారి వెళ్ళాక మునిరత్నమన్న నాతో ఒక్క మాటే అన్నాడు. "లడ్డు తిన్నేది తప్పు కాదు. తిన్నానని సెప్పకపోయిందే తప్పు." అంతకంటే రెండు తగిలించినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసినవాడు, తనే ఆ రంగంతా గీకి, మూత తోమాడు. బ్రష్షు ఇవ్వమంటే ఇవ్వడు. మధ్యాహ్నానికి లేచి, "నీళ్ళు నువ్వు పొయ్యి" అన్నాడు.

పోశాను. బోల్టు రంధ్రం పక్కన పొర తెగింది. ఆయన ముఖం చూశాను. చెమటలు కారుతున్నాయి. ఆయనకు వినపడితే చాలన్నట్టు, "తెగిందన్నా" అన్నాను. ఆయన మళ్ళీ కూర్చుని తోమాడు. రెండోసారీ తెగింది. రెండోసారీ చెప్పాను, ఈసారి కాస్త గట్టిగానే. మూడోసారి నీళ్ళు అద్దంలా చివరిదాకా జారాయి. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, మేకుకు వేలాడుతున్న గన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ జిడ్డు ఆయన కావాలనే వదిలాడా, కళ్ళు ఆనకనా? ఎన్నిసార్లు అడిగినా "పని సూడబ్బా" అనేవాడు. చెప్పకుండానే పోయాడు. ఇప్పటికీ తల్చుకుంటే చిరాకే.

ఫోను మళ్ళీ మోగుతోంది. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మూల మీద రంగు కొట్టేసినా అడిగేవాడు లేడు.

"తెగిందన్నా," అన్నాను, పైకే. బ్రష్షు తీసుకున్నాను.