పదిహేడో సాలు మొక్క

విత్తనం కోసం పెంచే వేరుశనగ చేలో, తోటి మొక్కలతో పోలిక లేని మొక్కను కేళీ అంటారు. కనిపిస్తే పీకెయ్యాల్సిందే, లేకపోతే విత్తనం కల్తీ అవుతుంది. కళ్యాణదుర్గం అవతల ఉన్న ప్రయోగాల పొలంలో ఇరవై ఆరేళ్లుగా ఆ పని హనుమక్కది. ఆకు రంగు కాస్త తేడాగా ఉన్నా దూరం నుంచే పట్టేస్తుంది. ఆ కళ్లకు ఈపాటికి దిష్టి తగలాల్సింది, ఎందుకో తగల్లేదు.

అరుణజ్యోతి ఆ పొలానికి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త, ధర్మవరం నేతగాళ్ల పిల్ల. వచ్చిన రోజే హనుమక్కను నోరారా ‘అక్కా’ అని పిలిచింది, తన క్యారియర్లోని అన్నం సగం పెట్టింది. ఇక ఆ పిల్ల కోసం హనుమక్క ఏమైనా చేస్తుంది. చేసింది కూడా, అదే వచ్చిన చిక్కు.

అరుణజ్యోతి వేసిన మడిని చూస్తే హనుమక్కకు ప్రాణం ఉసూరుమనేది. ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, ఇంకోదానికి ముడతల ఆకు. పాపం, ఏ విత్తనాల అంగడివాడో మోసం చేసుంటాడనుకుంది. ఒక సోమవారం అరుణజ్యోతి మీటింగుకని అనంతపురం వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మడి కళకళలాడాలని హనుమక్క కొంగు బిగించి దిగింది. మధ్యాహ్నానికల్లా నలభై మూడు కేళీలు పీకి, అలవాటు ప్రకారం ఏ సాలువి ఆ సాలు మొదట్లో గట్టు మీద పెట్టింది.

అరుణజ్యోతి వచ్చి చూసి గట్టు మీదే కూలబడింది.

“ఏంటికమ్మా అట్ల కూచున్యావు? ఒంట్లో బాగలేదా?”

“అక్కా, నాకు కావాల్సింది ఆ మొక్కలే.”

తిట్టినా బాగుండేది. తిట్టకుండా, విడమరిచి చెప్పింది. ఆ విత్తనాలను ప్రయోగశాలలో గామా కిరణాల కింద పెట్టించిందట. మొక్క ఎట్లా పెరగాలో గింజలో ఒక సన్నని పోగులో రాసి ఉంటుందట. కిరణాలు దాన్ని అక్కడక్కడా తెంపుతాయి.

“మా నాయన మగ్గం మీద తెగిన పోగు అతికేటప్పుడు, ఒక్కోసారి పక్క పోగుకు ముడేస్తాడు. చీర మీద పువ్వు మారిపోతాది. గింజ కూడా అతుక్కునేటప్పుడు అట్ల తప్పులు చేస్తాది అక్కా. అవి మొదటి పంటలో చానా వరకు దాక్కోనుంటాయి, రెండో పంటలో బయటపడతాయి. మొదటిది నేనీడికి రాకముందే తీసినాను, ఇది రెండో పంట.”

ఆ తప్పుల్లో చాలావాటితో మొక్క గిడసబారిపోతుంది, లేదా కాయలే పట్టవు. వేలల్లో ఒకటి మాత్రం కరువుకు ఓర్చుకునేలా మారవచ్చు. ఆ ఒక్కదాని కోసమే రెండేళ్ల కష్టం.

“మరి దాంట్లో విషమేమన్నా మిగిలుంటాదా?”

“లేదక్కా. ఎక్స్‌రే తీసినంక మన ఒంట్లో ఏమన్నా మిగుల్తాదా? ఇదీ అంతే.”

“నేనెంత పని చేస్తి తల్లీ!” అని హనుమక్క నెత్తిన చేతులు పెట్టుకుంది. పెద్దాఫీసరుకు తెలిస్తే పని పోవడం ఖాయం. పని మాట అటుంచితే, ఆ పిల్ల కష్టం కళ్లెదుటే వాడిపోతోంది. గబగబా మొక్కలన్నీ ఎత్తి, సాళ్ల మొదట్లో గుచ్చిన నంబర్ల పుల్లలతో సహా బోరు పక్క తడినేలలో నాటింది. కొమ్మలు సగం తుంచి, పైన తడి గోనెపట్టాలతో నీడ కట్టింది. పన్నెండు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించింది. ఏడు మొక్కలు బతికాయి.

పెద్దాఫీసరు రానే వచ్చాడు. ఎవరు పీకారని అడిగాడు.

“నేనే పీకించినాను సార్” అంది అరుణజ్యోతి, తడుముకోకుండా.

హనుమక్క షెడ్డు వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. తన తప్పును నెత్తిన వేసుకున్న మనిషిని ఆమె అంతవరకు చూడలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలని కనపడిన దేవుళ్లందరికీ మొక్కుకుంది.

ఆ ఏడు మొక్కలూ వేళ్లూనుకున్నాక అరుణజ్యోతి నీళ్లు ఆపించింది. నెల రోజులు వాన చుక్క రాలలేదు. ఆరు మొక్కలు మాడిపోయాయి. ఒకటి మాత్రం పచ్చగా నిలబడి తొమ్మిది కాయలు కాసింది.

పుల్ల మీద పదిహేడో సాలు అని ఉంది. అరుణజ్యోతి తన నోటుపుస్తకం తెరిచింది. మడి మూడుసార్లు తిరిగి, తేడా ఉన్న మొక్కలన్నీ అందులో రాసుకుంది. పదిహేడో సాలు ఎదుట ఏమీ లేదు.

“అక్కా, దీన్ని నేను చూడనే లేదు. నువ్వు పీకకపోయింటే అన్నిటితో కలిసి బస్తాలో పడిపోయేది.”

“బాగుండాదే! నేను చూస్తే మాత్రం ఏమి, పారెయ్యాలని గదా చూసింది” అంది హనుమక్క.

అరుణజ్యోతి నవ్వి, నోటుపుస్తకంలో ‘ఎంపిక చేసినవారు’ అన్న చోట హనుమక్క పేరు రాసింది. ఈ విత్తనానికి ఇంకా ఏడెనిమిదేళ్లు పరీక్షలుంటాయని, అవన్నీ దాటితేనే రైతుకు అందుతుందని చెప్పింది. హాజరు పట్టీలో తప్ప హనుమక్క పేరును అంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆమె దండం పెట్టబోయింది. అరుణజ్యోతి ఆ చేతులు పట్టుకుని విడదీసి, వాటిలో తొమ్మిది కాయలూ పోసింది.

“వచ్చే పంట కారుకు వీటిని నువ్వే విత్తాల అక్కా.”